గాజుల చేతికి గిటార్ పాఠం

గిటార్ సార్ పోయారన్న కబురు వచ్చేసరికి నా చేతిలో ఒక పెళ్లికూతురి చెయ్యి ఉంది. ఆకుపచ్చ మట్టిగాజు ఆ పిల్ల బొటనవేలి ఎముక దాకా ఎక్కి అక్కడ ఆగిపోయింది. మా అత్తమ్మ గల్లా దగ్గర ఫోన్ ఎత్తి, రెండు ముక్కలు విని, పెట్టేసింది. పెళ్లివారి చెవిన పడితే బాగుండదని నా వెనక్కి వచ్చి గుసగుసగా చెప్పింది.

"బిడ్డా, మీ సార్ లేడట. పొద్దుగాల నిద్రలనే పోయిండట."

సగం ఎక్కిన గాజును వదలడానికి లేదు. వెనక్కి లాగితే పగులుతుంది, పగిలితే చెయ్యి కోసుకుంటుంది. అందులోనూ పెళ్లికూతురి చెయ్యి. "జర చెయ్యి వదులుగ పెట్టు తల్లీ, బిగబట్టకు" అన్నాను. అన్నాక తెలిసింది, అది సార్ మాట. గిటార్ మెడ మీద నా వేళ్లు కొయ్యబారినప్పుడల్లా ఆయన అనే మాట. తల ఎత్తకుండానే ఆ పిల్ల రెండు చేతులకూ నిండుగా గాజులు వేసి, పెళ్లివారిని నవ్వుతూ పంపించి, అప్పుడు వెనక గదిలోకి పోయి ఏడ్చాను. ఆయన ఎవరో, నాకు ఏమిచ్చారో మీకు చెప్పాలని కూర్చున్నాను.

సార్ ఖాజీపేటలో గూడ్స్ బండి గార్డుగా చేసి రిటైరయ్యారు. హనుమకొండలో వాళ్ల ఇంటి మేడ మీద ఒక గదిలో గిటార్ నేర్పేవారు. ఆయనది క్లాసికల్ గిటార్. మా ఊళ్లో ఈ మాటతో పెద్ద చిక్కు. క్లాసికల్ అనగానే కీర్తనలు నేర్పుతారనుకుని, ఆడపిల్లలకు పట్టు లంగాలు కట్టి, తమలపాకులు, పండ్లు పళ్లెంలో పెట్టుకుని వచ్చే తల్లులు ఉండేవారు. గిటార్ అనగానే సినిమా పాటలనుకుని వచ్చే కాలేజీ పిల్లలు ఉండేవారు. ఇద్దరికీ ఆయన ఓపిగ్గా ఒకటే చెప్పేవారు. "ఇది యూరప్ దేశాల పద్ధతి. కాయితం మీద చుక్కలుంటయ్. చుక్క ఏం చెప్తే అదే వాయించాలె. ఒక్కొక్కటి కడిగిన ముత్యం లెక్క పడాలె." పండ్లు మాత్రం తీసుకునేవారు.

ఆయనకు ఆ విద్య అబ్బింది రైల్వే కాలనీలో. ఇంజన్ నడిపే ఒక ఆంగ్లో ఇండియన్ పెద్దాయన సాయంత్రాలు వరండాలో కూర్చుని వాయిస్తుంటే, కొత్తగా ఉద్యోగంలో చేరిన సార్ గేటు అవతల నిలబడి వినేవారట. ఒకరోజు ఆయనే లోపలికి పిలిచి కుర్చీ వేశాడు. పొద్దంతా ఇంజన్ రొదలో ఉండే మనిషికి ఇంటికొచ్చాక ఒక్క శుభ్రమైన స్వరం వినాలని ఉంటుందని ఆయన చెప్పాడట. ఆ మాట సార్‌కు వేదవాక్కయింది. తీగ మీద గోరు గీరుకున్న చప్పుడు, మెడ మీద వేలు జారినప్పటి కీచు, వాయించేవాడు గట్టిగా పీల్చిన ఊపిరి, అన్నీ ఆయన లెక్కలో తప్పులే.

నేను ఆయన దగ్గరికి పోయింది నేర్చుకోవడానికి కాదు. మా అబ్బాయి ఏడ్చి మొత్తుకుని కొనిపించుకున్న గిటార్, వాడికి నెల తిరక్కుండానే మొహం మొత్తి, అటకెక్కింది. దుకాణదారుల ఇంట్లో ఒక వస్తువు ఊరికే పడి ఉంటే ఎవరికీ అన్నం సయించదు. ఎవరికైనా అమ్మిపెట్టమని అడగడానికి పట్టుకుపోయాను. సార్ దాన్ని శ్రుతి చేసి ఒక చిన్న ముక్క వాయించారు. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. గాజుల దుకాణంలో పుట్టి, ఇంకో గాజుల దుకాణానికి కోడలిగా వచ్చినదాన్ని. బుద్ధి తెలిసినప్పటి నుంచీ గలగలల మధ్యే బతికాను. అంత నిశ్శబ్దంలోంచి ఒక్కొక్క స్వరం విడిగా నడిచి రావడం నాకు కొత్త.

"అమ్ముడెందుకు బిడ్డా? గిటార్ ఉన్నది, చేతులున్నయ్, నేర్చుకో" అన్నారు సార్. అంటూనే నా చేతులు చూసి ఆగిపోయారు. రెండు చేతులకూ ముంజేతి సగం దాకా మట్టిగాజులు.

"గాజులు తీస్తే మొదలువెడ్దం."

"తియ్య సార్" అన్నాను.

నా నోరు కొంచెం కటువు. బేరాల్లో పెరిగిన నోరు. ముత్తైదువ చేతులు బోసిగా ఉండకూడదన్నది మా అత్తమ్మ పట్టింపు. నాకు అంతకంటే పెద్ద కారణమే ఉంది. మా దుకాణానికి బోర్డు నా చేతులే. కొత్త సరుకు ఏది వచ్చినా మొదట నా చేతికి ఎక్కుతుంది, వచ్చిన ఆడవాళ్లు అద్దాల బీరువా కంటే ముందు నా చేతులు చూస్తారు. పైగా పూటకోసారి తీసి పెట్టుకోవడానికి అవి గడియారాలా? మట్టిగాజులు తీసిన ప్రతిసారీ ఒకటో రెండో పగులుతాయి. అవన్నీ చెప్పి, "మీరు తీగలు పీకేసి గిటార్ వాయిస్తరా సార్?" అని కూడా అడిగాను. లోపలి గదిలోంచి పెద్దమ్మ, అంటే సార్ ఇంటావిడ, పకపకా నవ్వడం వినిపించింది. సార్ కూడా నవ్వి, రేపు మధ్యాహ్నం రమ్మన్నారు.

అక్కడ మొదలైంది మా తిప్పలు. ముందు గాజుల చుట్టూ రుమాలు కట్టారు. తర్వాత రబ్బరు బ్యాండు వేశారు. అది కాదని పెద్దమ్మ ఒక పాత సాక్సు పాదం కత్తిరించి నా ముంజేతికి తొడిగింది. ఆ తొడుగుతో నేను దుకాణానికి పోతే, చెయ్యి విరిగిందనుకుని బజారంతా పరామర్శకు వచ్చింది, ఒకాయన ఏ దవాఖానలో కట్టు బాగా కడతారో కూడా చెప్పాడు. ఏం చేసినా గలగల ఎక్కడో ఒకచోట బయటపడేది. పాఠం సగం కూడా కాకుండానే సార్ కళ్లు మూసుకుని తల పట్టుకునేవారు.

"నీ వేళ్లు మంచిగనే నడుస్తానయ్ బిడ్డా. గాని నాకు వేళ్లు ఇనవడ్తలేవు, గాజులే ఇనవడ్తానయ్. నేను నేర్చుకున్నదే శుభ్రం. ఇగ నీకు నేనేం నేర్పాలె? నాతోని గాదేమో."

ఆ రోజు గిటార్ భుజాన వేసుకుని ఆటోలో ఇంటికి వస్తుంటే నాకు కోపం రాలేదు, దుఃఖం వచ్చింది. అప్పటికే నాకు అది కావాలనిపించింది. పెళ్లయ్యాక నాకోసం నేను కావాలనుకున్నది, దుకాణంతో పిల్లలతో సంబంధం లేనిది, అదొక్కటే. గాజులు తీయడం నావల్ల కాదు. గిటార్ వదలడం కూడా నావల్ల కాదని ఆ ఆటోలోనే తెలిసింది.

వారం కాకుండానే సార్ మా దుకాణానికి వచ్చారు. శ్రావణమాసం, కాలు పెట్టడానికి చోటు లేదు. అత్తమ్మను ఒప్పించడానికి వచ్చారని చూడగానే అర్థమైంది. అత్తమ్మ ఆయనకు స్టూలు వేయించి, చాయ్ తెప్పించి, ఆయన నోరు తెరవకముందే తేల్చేసింది. "సారూ, గాజులమ్మేటి చేతులకే గాజులు లేకుంటే మా దగ్గర ఎవలు కొంటరు? మీరే జెప్పుండ్రి."

సార్ చాయ్ తాగుతూ అలాగే కూర్చుండిపోయారు. కళ్లు మూసుకున్నారు. బీపీ పెరిగిందేమోనని అత్తమ్మ ఫ్యాను ఆయన వైపు తిప్పింది. నేను ఒక డజను విప్పి, రెండేసి గాజులు ఒకదానికొకటి తాటించి పక్కన పెడుతుంటే ఆయన కళ్లు తెరిచారు.

"అదేం జేస్తానవ్?"

"పగులు వట్టిందా లేదా ఇంటాన సార్. మంచి గాజు మోగుతది. సన్నని చీలిక ఉన్నా బొక్కుమంటది, కంటికి కనవడదు."

"ఇంత గలగలల ఆ ఒక్కటి ఇనవడ్తదా నీకు?"

"ఇనవడకుంటే దుకాణం నడుస్తదా సార్?"

సార్ అడగడానికి వచ్చింది అడగకుండానే వెళ్లిపోయారు. రెండు రోజుల తర్వాత ఫోన్ చేసి, గాజులు ఉన్నవి ఉన్నట్టుగానే రమ్మన్నారు.

వెళ్లేసరికి ఆయన ముందు ఫోన్ ఉంది, అందులో ఎవరో గిటార్‌ను బాదుతున్నారు. నిజంగానే బాదుతున్నారు. చుట్టూ కూర్చున్నవాళ్లు చప్పట్లు చరుస్తున్నారు, ఒకామె మడమలతో నేలను దంచుతోంది. సార్ చిన్నపిల్లవాడు దొంగతనంగా ఏదో తిన్నట్టు నవ్వారు. రైల్వే కాలనీ రోజుల్లో ఒకసారి ఈ సంగీతం క్యాసెట్టు ఎవరో తెస్తే, వాళ్ల గురువుగారు ఇది తాగేవాళ్ల గిటార్ అని టేపు రికార్డరు ఆపేశాడట. గురువు ఆపేశాడు కాబట్టి సార్ మళ్లీ వినలేదు.

"దీన్ని ఫ్లమెంకో అంటరు. స్పెయిన్ దేశపు దక్షిణం దిక్కు పుట్టింది. గిటార్ గదే, తీగలు గవే. వాయించే తీరు వేరు. ఇక్కడ చప్పుడు తప్పు గాదు బిడ్డా. నీకు ఇది కుదురుతదేమో."

"మీకు వచ్చా సార్?"

"రాదు. నేర్చుకుంట."

అరవై దాటిన మనిషి అంత తేలిగ్గా ఆ మాట అనడం నేను వినడం అదే మొదటిసారి. ఆ తర్వాత కథంతా మేమిద్దరం కలిసి తప్పులు చేయడమే. పొద్దున ఆయన ఫోన్‌లో చూసి నేర్చుకునేవారు, మధ్యాహ్నం బజారు కునికిపాట్లు పడే వేళకు నాకు నేర్పేవారు.

గదిలో రెండు కుర్చీలు వేశారు. కిటికీ దగ్గరది క్లాసికల్ కుర్చీ. దాని ముందు ఒక చిన్న పీట ఉంటుంది. ఎడమ కాలు పీట మీద పెట్టి, గిటార్‌ను ఎడమ తొడ మీద ఆన్చి, మెడ పైకెత్తి పట్టుకోవాలి. గోడ దగ్గరది ఫ్లమెంకో కుర్చీ. పీట లేదు. గిటార్ కుడి తొడ మీదికి వస్తుంది, లేదా కాలు మీద కాలు వేసుకుని కూర్చుంటారు. మా ఇళ్లలో పెద్దవాళ్ల ముందు కాలు మీద కాలు వేస్తే వీపు విమానం మోత మోగుతుంది. సార్ ముందు అలా కూర్చోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. ఆయనకూ నా ముందు అలా కూర్చోవడానికి మొహమాటమే. ఇద్దరం అటూ ఇటూ చూస్తూ కూర్చునేవాళ్లం.

రెండు వాయిద్యాలకూ తేడా ఉందని కూడా చెప్పారు. క్లాసికల్ గిటార్ లోతుగా, బరువైన కలపతో ఉంటుంది. స్వరం పుడితే కాసేపు నిలబడి మెల్లగా పోతుంది. ఫ్లమెంకో గిటార్ పల్చటి తేలిక కలపది. తీగలు మెడకు దాదాపు ఆనుకుని ఉంటాయి, కొంచెం జుయ్యిమన్నా ఎవరూ పట్టించుకోరు. స్వరం గట్టిగా పేలి చప్పున ఆరిపోతుంది. "అది నెయ్యి కరిగినట్టు. ఇది పోపు ఏసినట్టు" అనేవారు. క్లాసికల్ వాయించేవాడు ఒంటరిగా వేదిక మీద కూర్చుంటాడు, జనం దగ్గు కూడా ఆపుకుని వింటారు. ఫ్లమెంకో గిటార్ మొదట పాడేవాళ్ల వెనక, ఆడేవాళ్ల వెనక నడిచింది. ఎదురుగా మడమలు దంచుతుంటే వినపడాలంటే అది గొంతు పెంచక తప్పదు. మా దగ్గర ఉన్నది క్లాసికల్ గిటార్లే. వాటితోనే పోపు వేశాం.

చేతి పని కూడా వేరు. క్లాసికల్‌లో కుడిచేతి వేళ్లు ఒక్కో తీగను ఏరి మీటుతాయి. ఫ్లమెంకోలో పిడికిలి మూసి, చిటికెన వేలి నుంచి ఒక్కో వేలూ తీగల మీదికి విదిలించాలి, నాలుగూ కలిసి ఒకే ఉరుములా వినపడాలి. దానికి స్పెయిన్ భాషలో ఒక పేరుంది కానీ సార్ నోరు ఎన్నడూ దానికి తిరగలేదు. మేము 'విప్పుడు' అని పెట్టుకున్నాం. దుకాణంలో గిరాకీ లేనప్పుడు నేను గల్లా పెట్టె మీద విప్పుడు సాధన చేస్తుంటే, నాకు ఎవరి మీద కోపమొచ్చిందోనని పక్క దుకాణం వాళ్లు మా ఆయన్ని అడిగేవారు.

అన్నిటికంటే కష్టమైంది గిటార్‌ను కొట్టడం. ఫ్లమెంకోలో మీటుతూ మీటుతూనే ఉంగరపు వేలితో గిటార్ పొట్ట మీద తాళం కొడతారు. సార్ పాఠానికి ముందు వాయిద్యాన్ని కళ్లకద్దుకునే మనిషి. మొదటిసారి కొట్టగానే ఆయన చెయ్యి దానంతటది గిటార్‌ను తాకి కళ్లకు పోయింది, పుస్తకానికి కాలు తగిలితే చేసినట్టు. నేను కొట్టినా అంతే. కొట్టడం, దండం పెట్టుకోవడం, ఈలోగా తాళం మమ్మల్ని వదిలేసి ముందుకు పోవడం. చాలా రోజులు ఇదే వరస. ఎంత వద్దనుకున్నా చెయ్యి ఆగేది కాదు. చివరికి వంటింట్లోంచి పెద్దమ్మ తీర్పు చెప్పింది.

"పొద్దుగాల ఒక్కసారి అన్నిటికి కలిపి పెద్ద దండం వెట్టుకోండ్రి. ఇగ దినమంత కొట్టుకోండ్రి. సరస్వతమ్మకు లెక్క తెల్వదా?"

ఆ రోజు నుంచి సార్ గిటార్‌కు సాష్టాంగపడినంత పని చేసి పాఠం మొదలుపెట్టేవారు. గోళ్లకు గిటార్ పొట్ట గీసుకుపోతోందని పెద్దమ్మే తన పాత మోకాలి ఎక్స్‌రే ఫిల్మును బ్లీచింగ్ నీళ్లలో నానబెట్టి, నలుపు పోయేదాకా కడిగి, కత్తిరించి అతికించింది. ఆవిడ మోకాలి మీద మేము తాళం వేస్తున్నామని అందరికీ చెప్పుకుని నవ్వేది.

తాళం అంటే గుర్తొచ్చింది. ఫ్లమెంకోలో ఒక పెద్ద చుట్టు ఉంటుంది, పన్నెండు మాత్రలు. బలం మూడు, ఆరు, ఎనిమిది, పది, పన్నెండు మీద పడుతుంది. అంటే మొదటి సగం నింపాదిగా, రెండో సగం తోసుకుంటూ పోతుంది. సార్ దాన్ని కాగితం మీద గీతలు గీసుకుని, గీతల్ని చూస్తూ తప్పేవారు. ఇది కాగితంతో వచ్చేది కాదు, పక్కన చప్పట్లు చరిచేవాళ్లు ఉండాలన్నారు. మా అత్తమ్మను తీసుకుపోయాను. బతుకమ్మ ఆటలో మా వాడకట్టు మొత్తం ఆమె చప్పట్లనే పట్టుకుని తిరుగుతుంది. ఆ ధీమాతో వచ్చింది. మొదటి సగం దివ్యంగా చరిచేది. రెండో సగానికి వచ్చేసరికి ఆమె చేతులు బతుకమ్మలోకి జారిపోయేవి, పాదాలు కూడా కదిలేవి. సార్ గీతల్లోకి, ఆమె బతుకమ్మలోకి, నేను నవ్వుల్లోకి. పక్కవాళ్ల తాళం పట్టుకుని పట్టుకుని, ఎప్పుడో ఒక మధ్యాహ్నం ముగ్గురం కలిసి పన్నెండు దగ్గర దిగాం. సార్ లేచి నిలబడి అత్తమ్మకు దండం పెట్టారు, ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

చప్పుడు తప్పు కాదన్నారు కదా అని నేను సంబరపడ్డాను కానీ, అది కూడా సగమే నిజం. "చప్పుడు తప్పు గాదు. యాళకు పడని చప్పుడు తప్పు. నీ గాజులు గూడ పన్నెండుల పడాలె" అన్నారు. మణికట్టు ఎక్కడ ఆపితే గాజులు ఎప్పుడు జారి మోగుతాయో నేర్చుకోవడం, గాజులు లేకుండా వాయించడం కంటే వంద రెట్లు కష్టం. స్పెయిన్‌లో ఎవరూ గాజులతో వాయించమని చెప్పలేదని, ఇది మనం కొనితెచ్చుకున్న తద్దినమని కూడా ఆయనే చెప్పారు. కానీ అది కుదిరిన రోజు, నా చేతిలో గిటార్ కాక ఇంకో వాయిద్యం కూడా ఉందని నాకు అర్థమైంది. పుట్టినప్పటి నుంచి విన్న ఆ గలగల మొదటిసారి నా మాట వింది.

ఇంత జరిగినా నా మనసులో ఒక ముల్లు ఉండేది. కిటికీ దగ్గర కుర్చీలో ఒక ఇంజనీరింగ్ అబ్బాయి వాయించేవాడు. వాడిది నిజంగా కడిగిన ముత్యమే. వాడు వాయిస్తుంటే సార్ ముఖం మారిపోయేది. కనుబొమల మధ్య ముడి విడిపోయి, నోరు కొంచెం తెరుచుకుని, ఎక్కడికో పోయినట్టుండేవారు. నేను వాయించేటప్పుడు ఆ ముఖం ఉండేది కాదు. పాదంతో తాళం వేస్తూ, లెక్క చూస్తూ, కనుబొమలు ముడివేసుకుని ఉండేవారు. మిగతా పిల్లలు నా పాఠాన్ని గాజుల క్లాసు అనేవారు, తమాషాకే. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"సార్, నేను గాజులు తియ్యనన్ననని గదా నాకు ఇది నేర్పిండ్రు? బియ్యం దొరకనోళ్లకు నూకలు వండిపెట్టినట్టు."

సార్ గిటార్ తీసుకుని తుడవడం మొదలుపెట్టారు. "నేర్చుకో బిడ్డా. ఇంక చానా ఉన్నది" అన్నారు. అది జవాబు కాదు. ఆ సంవత్సరం విద్యార్థులందరితో చిన్న కచేరీ పెడితే నన్ను చివర కూర్చోబెట్టారు. మా బజారు ఆడవాళ్లంతా వచ్చి చప్పట్లతో హాలు ఎగరగొట్టారు. దిగి రాగానే సార్ అన్నది, "మూడో చుట్టుల ఉరికినవ్" అని. ఒక్క మంచి మాట అంటే ఆయన సొమ్మేం పోయిందని అత్తమ్మ దారి పొడవునా తిట్టింది. నేను నూకలే అనుకుని సరిపెట్టుకున్నాను. నూకలైనా ఆకలి తీరుతోంది కదా అనుకున్నాను.

సార్‌కు గుండె బలహీనపడిందని డాక్టర్లు చెప్పాక మంచాన్ని కింది గదిలోకి మార్చారు. మేడ మీది గది తాళంచెవి పెద్దమ్మ నాకూ ఆ ఇంజనీరింగ్ అబ్బాయికీ ఇచ్చింది. అతను కిటికీ కుర్చీలో, నేను గోడ కుర్చీలో కూర్చుని పిల్లలకు పాఠాలు చెబుతున్నాం. అవి ఇప్పుడూ సాగుతున్నాయి. హసన్‌పర్తి నుంచి వచ్చే ఒక కాలేజీ అమ్మాయి మొన్న చేతినిండా గాజులతో వచ్చి, తీయాలా మేడమ్ అని నన్నడిగింది. ఆమెకు ఏం చెప్పాలో నాకు సార్ ఆఖరి రోజుల్లో తెలిసింది. అదొక్కటీ చెప్పి ముగిస్తాను.

ఆయనకు ఒక్కసారైనా శుభ్రంగా వినిపించాలని నాకు ఉండేది. కొత్తగా చేరిన ప్రతి ఒక్కరికీ ఆయన మొదట నేర్పే ఒక చిన్న నెమ్మదైన క్లాసికల్ పాఠం ఉంది. నాకు అది సగంలో ఆగిపోయింది. దాన్ని ఆ ఇంజనీరింగ్ అబ్బాయి దగ్గర పూర్తిగా నేర్చుకున్నాను. సంగతి అత్తమ్మకు చెబితే ఆమె గిన్నెలో సబ్బు నీళ్లు తెచ్చింది. "ఆ మారాజు కోసమైతే తియ్యి బిడ్డా" అని ఒక్కటి కూడా పగలకుండా తనే తీసింది. చేతులు బోసిగా ఉండకూడదని రెండు మణికట్లకూ పసుపు దారాలు కట్టింది.

సార్ దిండ్లకు ఆనుకుని కళ్లు మూసుకుని ఉన్నారు. పెద్దమ్మ కింద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. పాదం కింద పీట పెట్టుకుని మొదలుపెట్టాను. బాగానే వచ్చింది. ఒక్క గీరుడు లేదు, ఒక్క కీచు లేదు. నాలుగు వరుసలు అయ్యాయో లేదో సార్ కళ్లు తెరిచారు.

"ఎవలు వాయిస్తాండ్రు?"

"నేనే సార్."

"నువ్వు గాదు." నా చేతుల వైపు చూశారు. "గాజులేవి?"

"మీకోసం తీసిన సార్. ఒక్కసారి శుభ్రంగ ఇంటరని."

సార్‌కు కోపం రావడం నేను చూసింది అదొక్కసారే. పడుకున్న మనిషి మోచేతుల మీద లేవబోయారు. పెద్దమ్మ పట్టుకుంది. ఊపిరి కుదురుకున్నాక మెల్లగా మాట్లాడారు.

"ఆనాడు నూకలన్నవ్. నాకు అప్పుడు చెప్పనీకి రాలే. జిందగీ అంత శుభ్రం శుభ్రం అనుకుంట ఒక్క చెవితోనే విన్న బిడ్డా. రెండోది నీ గాజులు తెరిచినయ్. నీకు నూకలు వెట్టలే నేను. నాకే కొత్త బియ్యం దొరికినయ్. మంచిగ ఇందమంటే లెక్క తప్పుతదేమోనన్న ఫికర్ తోనే అయిపాయె నాకు, నేను గూడ నేర్చుకునేటోన్నే గద. ఇయ్యాల నేను లెక్క సూడ. పో, ఏసుకొని రా."

నా గాజులు దుకాణంలో ఉన్నాయి. పెద్దమ్మ బీరువాలోంచి తన కొత్త గాజులు తెచ్చింది. ఆవిడ కొలత నాకు పెద్దది. అవి మణికట్టు మీద వదులుగా, నేను అనుకున్న దానికంటే ఒక్క క్షణం ఆలస్యంగా మోగుతున్నాయి. పీట పక్కకు జరిపి, కాలు మీద కాలు వేసుకుని, గిటార్‌ను కుడి తొడ మీదికి తెచ్చుకున్నాను. సార్ దుప్పటి మీద చేతులు తెచ్చి చరవడం మొదలుపెట్టారు. చప్పుడు లేదు, అరచేతులు కలవడం మాత్రం కనిపిస్తోంది. మూడు, ఆరు. పెద్దమ్మ ఒడిలోని చిక్కుడుకాయలు పక్కన పెట్టి ఆ చేతుల్ని చూస్తూ తనూ అందుకుంది. ఎనిమిది, పది, పన్నెండు. రెండో చుట్టుకు గాజులు దారికి వచ్చాయి.

మూడో చుట్టులో ఆయన చరవడం ఆపేశారు. చేతులు దుప్పటి మీద వెల్లకిలా వదిలేశారు. నేను తల ఎత్తి చూశాను. కనుబొమల మధ్య ముడి విడిపోయి ఉంది, నోరు కొంచెం తెరుచుకుని ఉంది, ఛాతీ మీది దుప్పటి ఊపిరికి మెల్లగా లేచి దిగుతోంది. పెద్దమ్మ చప్పట్లు ఆపలేదు, నేనూ ఆపలేదు.